ఏడో పేరు

కర్నూలు పెద్దాసుపత్రి ఎదురు సందులో మా షాపు. జిరాక్స్, డీటీపీ, పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, థీసిస్ బైండింగ్ అని బోర్డు మీద రాసి ఉంటుంది. ఓనర్ని నేనే, వీరభద్ర. అయితే షాపుకొచ్చేవాళ్ళు నన్ను చూడగానే అడిగే మొదటి మాట "నెహెమ్యా లేడా?" అని. ఉన్నాడంటే లోపలికొస్తారు. లేడంటే మెట్ల మీదనుంచే వెనక్కి తిరుగుతారు. షట్టరెత్తేది నేను, ఊడ్చేది నేను, మిషన్లో కాగితం ఇరుక్కుంటే మసి పూసుకునేది నేను. పేరు మాత్రం ఆయనది. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు అలవాటైపోయింది.

నెహెమ్యాకు యాభై నాలుగేళ్ళు. ఓర్వకల్లు దగ్గర పల్లెలో పుట్టాడు, ఇప్పుడు కల్లూరులో ఉంటాడు, రోజూ షేర్ ఆటోలో వస్తాడు. పదహారో ఏట ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చడంతో మొదలుపెట్టి, కంప్యూటర్లు వచ్చాక ఆ వేళ్ళతోనే కీబోర్డు నేర్చుకున్నాడు. ఇంగ్లీషులో పేజీలకు పేజీలు ఒక్క తప్పు లేకుండా కొడతాడు. ఆ పేజీ దేని గురించి అని అడిగితే నవ్వి ఊరుకుంటాడు. ఈ ఊళ్ళో డాక్టర్లయినవాళ్ళ థీసిస్‌లు సగం ఆయన వేళ్ళ కిందనుంచే పోయాయి. వాటిలో ఏముందో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. ఆ రాసినవాళ్ళకైనా తెలుసా అని నాకు అప్పుడప్పుడు అనుమానం.

ఆయనకు ఒకే ఒక్క పట్టుదల. అచ్చయ్యే కాగితంలో ఒక్క పేరు కూడా తప్పిపోకూడదు. పెండ్లి పత్రిక కోసం వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, "పెద్దనాయన పేరొచ్చె, చిన్నాయన పేరేదప్పా? మేనత్త మొగుడు యాడ?" అని గుచ్చి గుచ్చి అడుగుతాడు. వాళ్ళు మర్చిపోయిన చుట్టాలను ఈయన గుర్తు చేస్తాడు. అది ఊరికే వచ్చిన పట్టుదల కాదు. ఒకసారి కోయిలకుంట్లవాళ్ళ పత్రికలో పెండ్లికూతురి చిన్నమామ పేరు పడలేదు. ఆ మామ ఇంటిల్లిపాదీ పెండ్లికి వచ్చి, అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండానే బస్సెక్కి వెళ్ళిపోయారు. ఇంకోసారి ఫ్లెక్సీలో ఒక నాయకుడి బామ్మర్ది పేరు లేదని నలుగురొచ్చి మా కౌంటరు అద్దం పగలగొట్టారు. ఆ గాజుముక్కలు ఏరింది నేనే కాబట్టి, పేర్ల విషయంలో నెహెమ్యాకు నేనెప్పుడూ అడ్డం చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదేమో, ఇప్పటికీ తెలియదు.

డాక్టర్ యామిని అని ఒకమ్మాయి. కడప పిల్ల. ఇక్కడ మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. మన పల్లెల బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎంత ఉంది, ఆ నీళ్ళు తాగి ఎముకలు బిగుసుకుపోయి ఒంగిపోయినవాళ్ళు ఎంతమంది అని ఎనిమిది నెలలు తిరిగి ఒక పేపర్ రాసింది. దాన్ని వైద్యులు చదివే ఒక పత్రికకు పంపింది. వాళ్ళు, విషయం బాగుంది, చివరనున్న రెఫరెన్సులు మాత్రం మా పద్ధతిలో లేవు, సరిచేసి పంపండి అన్నారట.

రెఫరెన్సులంటే నాకర్థమైనంతలో చెబుతాను. ఈ మాట నా సొంతం కాదు, ఫలానావాళ్ళు ముందే చెప్పారు అని ఒప్పుకోవడం. మాట పక్కన చిన్న నంబరు వేస్తారు. పేపర్ చివర ఆ నంబరు ఎదురుగా ఆ ఫలానావాళ్ళ పేర్లు, వాళ్ళు రాసిన దాని పేరు, ఏ పత్రిక, ఏ సంవత్సరం, ఏ పేజీ అని వరసగా రాస్తారు. యామిని పేపర్లో అలాంటివి నలభై రెండున్నాయి. ఆ నలభై రెండు పేపర్ల జిరాక్సులూ కట్టగా తెచ్చి నెహెమ్యా ముందు పెట్టింది.

"నెహెమ్యన్నా, వీటన్నిటినీ ఒకే పద్ధతిలో సర్దాల. నమూనా పైన పెట్టినా. నేను మూడు దినాలు పల్లెల్లో క్యాంపుకు పోతాండా. వచ్చినంక తీసుకుంటా" అంది.

ఆమె పోయాక నెహెమ్యా ఫైలు తెరిచి చూశాడు. చూసి మొహం చిట్లించుకున్నాడు.

"ఏమప్పా, ఈడ ఆరు పేర్లు రాసి పక్కన ఎట్ ఆల్ అని పెట్టినారు. ఎవురాయప్ప? ప్రతి దాంట్లో ఉండాడు!"

నేను ఫోన్లో వెతికి చూశాను. అది మనిషి పేరు కాదు, లాటిన్ మాటట. 'మరియు ఇతరులు' అని అర్థమట. అదే చెప్పాను.

"అంటే మన పత్రికల్లో బంధుమిత్రులు అని పెడ్తాం గదా, అదన్నమాట" అన్నాడు. కాసేపు ఆలోచించి, "ఇది బాగలేదప్పా. ఇరవైమంది కష్టపడి రాసింటే ఆరుమంది పేర్లు పెట్టి మిగిలినోళ్ళను బంధుమిత్రుల్లో కలిపేస్తే ఎట్ల? జిరాక్సులో పేర్లన్నీ ఉండాయి గదా. మేడమ్‌కు తీరిక లేక కోసేసినట్లుండాది. నేను పూర్తి చేస్తా" అన్నాడు.

నమూనా కాగితం అక్కడే ఉంది. దాన్ని ఇద్దరం చూశాం. అందులోనూ ఎట్ ఆల్ ఉంది. నమూనా కాబట్టి చోటు లేక అలా రాసి ఉంటారని ఇద్దరం అనుకున్నాం. మా తెలివి అంతవరకే.

రెండు రోజులు ఆయన ఇంకో పని ముట్టలేదు. ఒక్కో జిరాక్సు తీసి, స్కేలు అడ్డం పెట్టుకుని, పేర్లన్నీ దించాడు. ఒకదాంట్లో ఇరవై ముగ్గురున్నారు. అందరూ చైనావాళ్ళు. ఒక్కరినీ వదల్లేదు. ప్రతి పేరు ముందూ డాక్టర్ అని కూడా చేర్చాడు. చదువుకున్నవాళ్ళను ఉత్త పేరుతో రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. ఇంటిపేరు ముందు రాసి, అసలు పేరును ఒక పొడి అక్షరానికి కుదించే వాళ్ళ పద్ధతి చూసి మాత్రం ఇద్దరం బిత్తరపోయాం. మనకూ ఇంటిపేరు ముందే. కానీ మనం కుదించేది ఇంటిపేరును. వాళ్ళు మనిషిని కుదిస్తారు.

రెండో రోజు మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కూర్చున్న నెహెమ్యా ఉన్నట్టుండి, "అప్పా! ఈడికి రా!" అని కేకేశాడు. వైరు కాలిందేమోనని పరుగెత్తాను. ఆయన పదిహేడో నంబరు జిరాక్సు మీద వేలు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ళ కిందటి పేపర్. అదీ మన పల్లెల నీళ్ళ గురించే. ఎనిమిదిమంది రాశారు. ఏడో పేరు, ఏసన్న పి.

"మా అన్న" అన్నాడు.

ఏసన్న మెడికల్ కాలేజీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. నెహెమ్యా కంటే పదకొండేళ్ళు పెద్ద. పల్లెలోనే ఉంటాడు. అప్పట్లో ఒక ప్రొఫెసరు నీళ్ళ పరీక్షకు సీసాలు నింపుకు రమ్మని ఈయన్నే పంపేవాడట. పని ముగిశాక, ఈ నీళ్ళు తెచ్చింది నువ్వే కదా అని పేపర్లో పేరు కూడా వేశాడట. ఏసన్న ఆ సంగతి ఇంట్లో చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. "నేను గుడక నమ్మలేదప్పా. అటెండరు పేరు యాడన్నా వేస్తారా అంటి. మొగం మీదనే అంటి" అని నెహెమ్యా కళ్ళు తుడుచుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఊరందరి పేర్లూ అచ్చు వేసిన మనిషికి, తన ఇంటి మనిషి పేరు ఇంకొకరు వేశారని చూడటం అదే మొదలు.

వెంటనే అన్నకు ఫోన్ చేశాడు. "అన్నా, నీ పేరు మళ్ళీ అచ్చయితాంది. కొత్త పేపర్లో. నా చేతుల మీదనే పోతాంది!" అవతల ఏసన్న ఏమన్నాడో వినపడలేదు. ఈ వారం చర్చిలో కోత పండుగ ఉందని, వచ్చే శనివారం వస్తానని, తనకొక కాపీ తీసిపెట్టమని చెప్పాడట.

యామిని క్యాంపునుంచి వచ్చి, ఫైలు తీసుకుని, తెరిచి చూసే తీరిక కూడా లేక అలాగే పంపేసింది. సోమవారం పంపితే శుక్రవారం పొద్దున పత్రికవాళ్ళ జవాబు వచ్చింది. పన్నెండింటికి ఆమె మా షాపు మెట్లెక్కింది. మొహంలో కోపముందో నవ్వుందో తేల్చుకోలేకపోయాను.

"అన్నా, అందరికీ డాక్టర్ అని పెట్టమని నీకెవరు చెప్పినారు?"

"డాక్టర్లకు డాక్టరని పెట్టకుంటే మర్యాదేం బాగుంటాది మేడమ్?"

"రెఫరెన్సుల్లో మర్యాదలుండవన్నా. ఆరుమంది వరకు పేర్లు రాయాల. అంతకంటే ఎక్కువుంటే ఆరు రాసి ఎట్ ఆల్ పెట్టాల. ఈ దినం సాయంత్రం ఐదుగంటల్లోపల సరిచేసి పంపకుంటే తీసుకోరంట. మళ్ళా మొదటినుంచి మొదలుపెట్టాల."

నెహెమ్యా కుర్చీలోంచి లేచాడు. "ఏడో మనిషి ఏం తప్పు చేసినాడు మేడమ్?"

"ఏం తప్పు చెయ్యలేదు. అది రూలు."

"ఆరే యాటికి? ఐదు గాకుండా, ఎనిమిది గాకుండా?"

యామిని జవాబు చెప్పబోయి ఆగింది. "నాకూ తెలీదన్నా. కొన్ని పత్రికలు మూడు పేర్లే వేస్తాయి. కొన్ని అందరివీ వేస్తాయి. ఈ పత్రికకు ఆరు."

"అయితే అందరివీ వేసే పత్రికకు పంపండి!" అన్నాను నేను, మధ్యలో దూరి. ఆమె నావైపు చూసిన చూపుకు మళ్ళీ నోరెత్తలేదు. ఎనిమిది నెలలు ఎండలో తిరిగిన మనిషికి సలహా ఇవ్వడానికి నాకేం పని?

నెహెమ్యా కూర్చున్నాడు. డాక్టర్లందరినీ తీసేశాడు. చైనావాళ్ళలో పదిహేడుమందిని ఎగరగొట్టాడు. రెండు పేర్లు కోసిన చోట రెండుసార్లు నిట్టూర్చాడు. మూడు గంటలకల్లా నలభై ఒకటి అయిపోయాయి. పదిహేడోది అలాగే ఉంది. దాని మీద బాణం గుర్తు పెట్టి, మౌస్ మీదనుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

యామినికి అప్పుడు నేను చెప్పాల్సి వచ్చింది, ఆ ఏసన్న ఎవరో. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

నాకొక ఆలోచన వచ్చింది. నా బుద్ధి అలాంటిది. "నెహెమ్యా, ఆరో పేరు తీసేసి ఆడ ఏసన్నను పెట్టు. ఎవురు చూడొచ్చినారు? ఆ ఆరో ఆయప్ప యాడుండాడో, ఉండాడో లేడో."

నెహెమ్యా నావైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో నన్ను అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు.

"ఆయప్పకు గుడక ఒక తమ్ముడుంటాడు గదప్పా" అన్నాడు.

నేను సిగ్గుపడి జిరాక్సు మిషను దగ్గరికి పోయాను. యామిని మెల్లగా అంది, "అన్నా, ఒక పని చేస్తాను. పేపర్ చివర కృతజ్ఞతలని ఉంటాది. ఆడ మీ అన్న పేరు రాస్తా. అప్పట్లో నీళ్ళు సేకరించిన ఏసన్నకు కృతజ్ఞతలు అని. దానికి రూల్లేదు."

నెహెమ్యా తెర మీది పదిహేడో నంబరు వైపు చూశాడు. ఆయన ఒప్పుకుంటే బాగుండునని నేను లోపల మొక్కుకుంటున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దు మేడమ్. మా అన్న ఈ పేపర్‌కు ఏం చేసినాడని? కృతజ్ఞతలంటే సాయం చేసినోళ్ళకు. ఆ పేపర్లో ఆయప్ప సాయం చేసినోడు కాదు, పని చేసినోడు. పని చేసినోన్ని తీసి సాయం చేసినోళ్ళలో కూర్చోబెడితే అది ఇంకా తక్కువ గదా?"

అది తక్కువో ఎక్కువో నాకు తెలియలేదు. యామినికీ తెలిసినట్టు లేదు. "నేనూ ఒక పేపర్లో ఏడోదాన్నే అన్నా" అంది, ఇంకేమీ తోచక. నాలుగుంబావుకు నెహెమ్యా పదిహేడో నంబరులో చివరి రెండు పేర్లు కొట్టేసి, ఎట్ ఆల్ అని టైపు చేసి, చుక్క పెట్టాడు. ఆమె పంపేసి, ఆయన భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆయన టీ కూడా తాగలేదు. "అన్నకు ఏం చెప్పాల్నో తెలీలేదప్పా. రాకుంటే బాగుండు" అని షేర్ ఆటో ఎక్కాడు.

ఏసన్న వచ్చాడు. శనివారం పదింటికే, తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని. ఆయన పద్దెనిమిదేళ్ళ కిందటి పేపర్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బైబిలు మధ్యలో భద్రంగా తెచ్చుకున్నాడు. నేను కుర్చీ వేశాను. నెహెమ్యా ఆయన ఎదురుగా నిలబడి, తల వంచుకుని, చెప్పాల్సింది అంతా ఒకే ఊపిరిలో చెప్పేశాడు. ఆరు వరకే రూలని, ఏడోది పోయిందని, కొట్టేసింది తానేనని.

ఏసన్నకు మొదట అర్థం కాలేదు. "పాత పేపర్లో గుడక పోయినట్లా?" అన్నాడు. కాదన్నాం. "మరి నేను పని చేసింది నిజమే గదా?" అన్నాడు. నిజమే అన్నాం. "మరి యాటికి తీసినట్లు?" అన్నాడు. మళ్ళీ మొదటినుంచి చెప్పాం. చెప్పే కొద్దీ మాకే అయోమయంగా తయారైంది. చివరికి ఆయన, "సరే, నేను పోయిన జాగాలో ఏం రాసినారో చూపీ" అన్నాడు.

నెహెమ్యా కొత్త కాగితం తీసి పదిహేడో నంబరులో ఎట్ ఆల్ మీద వేలు పెట్టాడు. "ఇది. మరియు ఇతరులు అని."

ఏసన్న అద్దాలు సర్దుకుని ఆ రెండు చిన్న మాటలను చాలాసేపు చూశాడు. చూసి చూసి, "దీంట్లో ఎంతమంది పడతార్రా?" అన్నాడు.

"ఎంతమందైనా పడతారన్నా. లెక్క ల్యా."

ఏసన్న కవర్లోంచి తన పాత పేపర్ తీసి కొత్త కాగితం పక్కన పరిచాడు. "ఇది నేను ఎవురికీ చూపియ్యలేదు రా. నువ్వు నమ్మలేదని గాదు. గిడ్డమ్మ ఉండె" అన్నాడు. గిడ్డమ్మ ఎవరని నేనడిగాను. ఆయన చెప్పాడు. ఆ పల్లెల్లో ఏ బోరు నీళ్ళకు పప్పు ఉడకదో, ఏ నీళ్ళు తాగిన పిల్లల పళ్ళు గారపట్టిపోతాయో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఫ్లోరైడుకు ఆమె నడుము అప్పటికే ఒంగిపోయింది. తలెత్తి మనిషి మొహం చూడలేకపోయేది, కాళ్ళు చూసి మనుషుల్ని గుర్తుపట్టేది. రెండు నెలలు ఆ ఒంగిన నడుముతోనే ముందు నడిచి, కంపచెట్లలో, గుట్టల్లో బోరు బోరుకూ ఏసన్నను తీసుకుపోయింది. సీసాలు మోసింది.

"ఆయమ్మ పేరు వెయ్యండి సారూ అని ప్రొఫెసరును అడిగితి. ఆయమ్మ రోగి, రోగుల పేర్లు బయట పెట్టగూడదు అనె. అదీ న్యాయమే. పేపర్లో రోగుల పట్టీలో ఆయమ్మ ఉత్త ముప్పై ఒకటో నంబరు. నేనేమో ఏడో పేరు. ఆయమ్మ పోయేటప్పుడు గుడక నేను చెప్పలేకపోతి. దారి చూపిచ్చింది ఆయమ్మ, పేరు నాది" అన్నాడు ఏసన్న. నెహెమ్యా అన్న కాళ్ళ దగ్గర నేల మీదనే కూర్చుండిపోయాడు.

ఏసన్న మళ్ళీ కొత్త కాగితం మీద వేలు పెట్టాడు. "ఒరే, నువ్వు చదువుకున్నోనివి. నిజం చెప్పు. దీంట్లో గిడ్డమ్మ ఉండాదా?"

లేదు. నాకు తెలుసు, నెహెమ్యాకు ఇంకా బాగా తెలుసు. ఆ ఎట్ ఆల్‌లో ఉన్నది ఇద్దరే, ఏడో పేరు, ఎనిమిదో పేరు. నెహెమ్యా నావైపు చూశాడు. నేను మిషను వైపు చూశాను.

"ఉండాది అన్నా" అన్నాడు నెహెమ్యా.

ఏసన్న ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పై జేబులో దోపుకున్నాడు.

"ఇది ఆయమ్మ కూతురికిస్తా. నాకింకోటి తియ్యి" అన్నాడు.